నిలిచే మనుషులు: ఉత్తరాంధ్ర కొండల్లో, తీరంలో ఆరోగ్య వ్యవస్థ

ఉత్తరాంధ్ర కొండ మీది గూడలో నొప్పులు మొదలైన గర్భిణి ఆసుపత్రి చేరేలోపు అయిదారు చేతులు మారుతుంది. మొదటిది డోలీ. గట్టి వెదురు బొంగుకి దుప్పటి రెండు కొసలూ బిగించి, ఊయలలా వేలాడదీసి, అందులో మనిషిని పడుకోబెడతారు. ముందొకరు, వెనకొకరు భుజానికి ఎత్తుకుంటే మరో ఇద్దరు పక్కన నడుస్తారు. దిగుడు బాటలో బరువంతా ముందువాడి మీదే పడుతుంది కాబట్టి కొంత దూరానికోసారి భుజం మార్చక తప్పదు. వానాకాలం గెడ్డ పొంగితే ఒడ్డునే ఆగాలి. రోడ్డు మొదలైన చోట ఫీడర్ అంబులెన్స్, అంటే బైకుకి పడక బిగించిన బండి, అందుకుంటుంది. తారురోడ్డు మీద 108 ఎదురొస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో స్టాఫ్ నర్సు చూస్తుంది. అక్కడ కుదరకపోతే సాలూరో పార్వతీపురమో వెళ్ళాలి. అక్కడా కుదరకపోతే ఇక విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రే. అప్పుడు జనం నోట వినిపించే మాట ఒకటే: ‘కేజీహెచ్‌కి రాసేశారు.’

ఈ చేతుల వరసే ఆరోగ్య వ్యవస్థ. భవనం, మంచం, స్కానింగు యంత్రం, మందుల గోదాము ఆ చేతులకు అందవలసిన సామగ్రి. వరసలో ఒక్క చెయ్యి లేకపోతే మిగిలినవన్నీ ఉండీ అక్కరకు రావు. పీహెచ్‌సీ తలుపులు తీసే ఉంటాయి, ఆ రాత్రి డ్యూటీలో నర్సు ఉండదు. ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు ఉంటుంది, మత్తు డాక్టరు ఉండడు. ఉత్తరాంధ్రలో ఏభై ఏళ్ళుగా ఆరోగ్యం పేరిట జరిగిన మంచి అంతా ఈ వరసలో ఎక్కడో ఒకచోట ఒక మనిషి నిలబడ్డందువల్ల జరిగింది. నష్టం కూడా చాలావరకు అక్కడ మనిషి నిలవకపోవడం వల్లే.

ఆరోగ్య సిబ్బంది చాలినంత ఉన్నారో లేదో చెప్పడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఒక గీత గీసింది. డాక్టర్లు, నర్సులు, మిడ్‌వైఫ్‌లు కలిపి వెయ్యి మందికి 2.3 కన్నా తక్కువ ఉన్న 57 దేశాలు ఆపదలో ఉన్నట్టు లెక్కగట్టింది. 2016 నాటికి ఆ గీతను 4.45కి పెంచింది. దేశాలను పోల్చడానికి పనికొచ్చే ఈ సగటు కొండకు పనికిరాదు. విశాఖపట్నం ఆసుపత్రుల్లోని డాక్టర్లు సగటును పైకి లాగుతారు. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట మండలాల్లోని ఖాళీలు ఆ సగటు చాటున కనబడవు. దేశం మొత్తం మీద యుద్ధమో కరువో ఉంటేనే వ్యవస్థ పెళుసుగా ఉంటుందని అనుకోనక్కరలేదు. గట్టిగా ఉన్న రాష్ట్రంలో కూడా కొన్ని అంచులు పెళుసుగా ఉంటాయి.

ఈ అంచు చరిత్ర పొడవైనదే. శ్రీకాకుళం 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. ఆ రెండింటి గిరిజన ప్రాంతాలను కలిపి 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా చేశారు. విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాల 1923లోనే మొదలైంది. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల రావడానికి 2008 దాకా, విజయనగరంలో రావడానికి 2023 దాకా పట్టింది. ఇంతకాలం ఈ జిల్లాల పిల్లలు విశాఖ వెళ్ళి చదివారు, చదివినవాళ్ళు చాలామంది అక్కడే ఉండిపోయారు. డాక్టరు ఎక్కడ చదివితే ఆ చుట్టుపక్కలే స్థిరపడతాడన్నది ప్రపంచమంతటా గమనించిన విషయం. ఆ లెక్కన విజయనగరంలో ఏటా 150 సీట్లు రావడం ఏ ఆసుపత్రి భవనం కన్నా పెద్ద సంగతి. ఫలితం చేతికందడానికి మాత్రం పదేళ్ళు ఓపిక పట్టాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్న ఆలోచన 1946 నాటి భోర్ కమిటీది. ఆ కమిటీ మొదటి అడుగుగా 40,000 మందికి ఒక కేంద్రం ఉండాలంది. ఇప్పటి కొలత మైదానంలో 30,000, గిరిజన ప్రాంతంలో 20,000. సబ్‌సెంటరుకైతే మైదానంలో 5,000, కొండల్లో 3,000. చూడటానికి కొండలకు ఉదారంగానే ఉంది. కానీ భోగాపురం వైపు మూడు వేల మంది ఒకే ఊళ్ళో ఉండగలరు. సీతంపేట కొండల్లో అదే జనం ఇరవై, ముప్ఫై గూడల్లో, గెడ్డలకు అటూ ఇటూ విడివిడిగా ఉంటారు. మైదానపు ఏఎన్ఎం పొద్దున్నే టీకాల పెట్టె పట్టుకుని బయల్దేరి మధ్యాహ్నానికి పని ముగించుకుంటుంది. కొండ మీద ఆ పెట్టెలో ఐసు ప్యాకులు కరగకముందే ఎన్ని గూడలు తిరగగలిగితే అన్నే ఆ రోజు టీకాలు. జనాభా లెక్కతో పాటు నడక గంటల లెక్క కూడా వేసి పోస్టులు మంజూరు చేయడం న్యాయం.

శ్రీకాకుళ గిరిజన పోరాటం సద్దుమణిగాక 1970లలో సీతంపేట, పార్వతీపురం కేంద్రాలుగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) వచ్చాయి. అంతకుముందు ఆ గూడల్లో సర్కారు అంటే ఎక్కువగా ఫారెస్టు గార్డు, పోలీసు. ఐటీడీఏ వచ్చాక సర్కారుకి టీచరు ముఖం, ఏఎన్ఎం ముఖం కూడా వచ్చాయి. ఆ ముఖాల మీద నమ్మకం కుదరడానికి ఏళ్ళు పట్టింది. నర్సమ్మ మారినప్పుడల్లా అది కొంత చెడి, మళ్ళీ మొదటినుంచి కట్టుకోవలసి వచ్చింది.

డాక్టరు కొండ మీద ఎందుకు నిలవడు? జీతం ఒక్కటే కారణం కాదు. క్వార్టర్సులో నీళ్ళుండవు, పిల్లలకు బడి దూరం, భార్యకో భర్తకో ఆ చుట్టుపక్కల ఉద్యోగం దొరకదు. వీటన్నిటికీ మించి ఒంటరితనం. కష్టమైన కేసు వస్తే అడగడానికి పక్కన మరో డాక్టరు ఉండడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో వెలువరించి 2021లో సవరించిన మార్గదర్శకాలు కూడా చదువు, నిబంధన, డబ్బు, తోడు అనే నాలుగింటినీ కలిపే చూడమంటాయి. పల్లెలో పుట్టినవాళ్ళను చదివిస్తే పల్లెలో నిలిచే అవకాశం ఎక్కువని అవి గట్టిగా చెబుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్లను పల్లెకు లాగే ప్రధాన ఆకర్షణ పీజీలో ఇన్‌సర్వీస్ కోటా. గిరిజన ప్రాంతంలో చేసిన సర్వీసుకి అందులో ఎక్కువ విలువ ఉంది. 2024లో ఆ కోటా తగ్గించినప్పుడు పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగారు, వాళ్ళ కోపం అర్థం చేసుకోదగ్గదే. అయితే కోటాకి రెండో వైపు కూడా ఉంది. డాక్టరును కొండ ఎక్కించేదీ అదే, సీటు రాగానే దించేదీ అదే. గూడ జనానికి డాక్టరు అంటే రెండు మూడేళ్ళకోసారి మారే ముఖం. దీనికి తోడు డెప్యుటేషన్ అనే పాత జబ్బు ఉంది. పోస్టు కొండ మీద, జీతం కొండ పేరిట, పని మాత్రం పట్టణంలో. కాగితం మీద ఖాళీ లేదు కనుక కొత్తవాళ్ళను వెయ్యరు. ఖాళీగా ఉన్న పోస్టు కన్నా ఇలా నిండినట్టు కనిపించే పోస్టు ఎక్కువ హాని చేస్తుంది.

2022లో ప్రయోగాత్మకంగా, 2023 ఏప్రిల్ నుంచి పూర్తిగా మొదలైన ఫ్యామిలీ డాక్టరు విధానంలో మెచ్చుకోదగ్గ అంశం ఒకటుంది. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు ఉంటారు. ఒకరు కేంద్రంలో ఉంటే మరొకరు 104 వాహనంలో ఊళ్ళకు వెళతారు. ఊళ్ళో బీఎస్సీ నర్సింగ్ చదివిన ఆరోగ్య అధికారి ఉండే చిన్న క్లినిక్కు ఉంటుంది. ఇద్దరు ఉంటే ఒంటరితనం తగ్గుతుంది, ఒకరు సెలవు పెట్టినా తలుపు మూతపడదు. ప్రభుత్వాలు మారినప్పుడు పథకాల పేర్లు మారడం మామూలే. ఈ ‘ఇద్దరు’ అనే నియమం మాత్రం మారకుండా ఉండాలి.

వరసలో అసలు బరువు మోసేది ఇంకా కింద, గూడలో. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. మైదానంలో వెయ్యి మందికి ఒకరుంటే, గిరిజన ప్రాంతంలో గూడకొకరిని పెట్టుకునే వీలిచ్చారు. ఆశా ఆ ఊరి కోడలో కూతురో. బదిలీ ఉండదు, డెప్యుటేషన్ ఉండదు. ఆమె చేతికి సరైన సాధనం ఇస్తే ఏమవుతుందో మలేరియా చూపించింది. పాతరోజుల్లో జ్వరం వచ్చినవాడి రక్తపు చుక్క గాజుపలక మీద తీసి పీహెచ్‌సీ ల్యాబుకి పంపేవారు. పలక కొండ దిగి, ఫలితం కొండ ఎక్కేసరికి రోజులు గడిచేవి. ఈలోగా ఫాల్సిపారం రకం మెదడుకి ఎక్కితే మనిషి దక్కేవాడు కాదు. ఇప్పుడు ఆశా వేలి కొస పొడిచి, ఒక చుక్క రక్తం కిట్టు మీద వేసి, ద్రావణం చుక్కలు కలిపి, ఇరవై నిమిషాలు గడప మీద కూర్చుంటుంది. గీతలు తేలిన తీరు చూసి మొదటి మోతాదు ఎదుటే మింగిస్తుంది. డాక్టరు, మైక్రోస్కోపు, జీపు మూడూ కలిసి చేయలేని పని ఒక చదువుకున్న ఊరి మనిషి, ఒక కిట్టు చేస్తున్నాయి. కిట్లు, బిళ్ళలు వానలకు ముందే గూడ చేరితేనే ఈ మాట చెల్లుతుంది. జూలైలో గెడ్డలు పొంగాక బయల్దేరిన సరుకు జూన్ జ్వరాలకు పనికిరాదు.

ఆమెకు ఉన్న మరో బలం భాష. సవర తల్లి తన బాధను తెలుగులో సగమే చెప్పగలదు. ఎన్నాళ్ళ నుంచి, ఎక్కడ, ఎలాంటి నొప్పి అన్నవి మాతృభాషలోనే తేటగా వస్తాయి. వందేళ్ళ కిందటే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఈ సంగతి బడి విషయంలో గ్రహించారు. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. తెలుగువాళ్ళు ఆయన్ని వ్యావహారిక భాషకోసం తలుచుకున్నంతగా ఈ పనికోసం తలుచుకోరు. నర్సింగ్ కోర్సులో చేరిన సవర, జాతాపు, గదబ అమ్మాయి చదువు ముగించి తన ఐటీడీఏ పరిధిలోనే ఉద్యోగంలో చేరితే గిడుగువారి పనికి ఆరోగ్యరంగంలో కొనసాగింపు దొరికినట్టే.

అయితే ఇంత బరువు మోసే మనిషికి దక్కేది గౌరవ వేతనం. ఆంధ్రప్రదేశ్‌లో అది 2019లో నెలకు 10,000 రూపాయలకు పెరిగింది, అప్పటికి దేశంలో అది పెద్ద మొత్తమే. అయినా ఆమె ఉద్యోగి కాదు. ఇథియోపియా ఇదే సమస్యను మరోలా పరిష్కరించింది. 2003లో మొదలైన కార్యక్రమంలో పదో తరగతి దాటిన స్థానిక యువతులకు ఏడాది శిక్షణ ఇచ్చి, ఊళ్ళ సముదాయానికి ఇద్దరు చొప్పున జీతం మీద ప్రభుత్వోద్యోగులుగా వేసింది. ఆశా నుంచి ఏఎన్ఎం, ఏఎన్ఎం నుంచి స్టాఫ్ నర్సు దాకా మెట్లు వేస్తే ఆ ఇథియోపియా యువతులకు దక్కిన నిలకడ ఇక్కడా వస్తుంది. ఇప్పుడు ఆ మెట్లకు బదులు రిజిస్టర్లు, ఫోను యాప్‌లు పెరుగుతున్నాయి. సిగ్నలు లేని గూడలో చేసిన పనిని సిగ్నలు ఉన్న మలుపు దగ్గర నిలబడి ఎక్కించడానికి ఏఎన్ఎం రోజులో ఎంత భాగం పోతోందో పైవాళ్ళు ఒకసారి ఆమె వెంట నడిచి చూడాలి.

మైదానంలో ఈ వరసకు బయట నిలిచే మరో మనిషి, డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ. చట్టం ఒప్పుకోకపోయినా చాలా పల్లెల్లో రాత్రి తలుపు తట్టేది ఆయన ఇంటికే. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో ఇలాంటివాళ్ళకు తొమ్మిది నెలలు శిక్షణ ఇస్తే మామూలు జబ్బులను చూసే తీరు మెరుగైందని 2016లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. అవసరం లేని యాంటీబయోటిక్కులు రాయడం మాత్రం తగ్గలేదు. ఆయన్ని పట్టించుకోనట్టు నటించడం కన్నా, ఏది ఎప్పుడు పైకి పంపాలో నేర్పడం మేలు.

2018లో సాలూరు వైపు ఒక గిరిజన స్త్రీ డోలీలో వస్తూ దారి మధ్యలోనే ప్రసవించిన సంఘటన సెల్‌ఫోను వీడియోల ద్వారా దేశమంతా చూసింది. రోడ్లు వెయ్యాలన్న డిమాండు న్యాయమైనదే. కానీ ప్రతి గిరిశిఖర గ్రామానికీ రోడ్డు పడేదాకా ప్రసవాలు ఆగవు. ఆ ఏడాదే పార్వతీపురం ఐటీడీఏ సాలూరులోని యువజన శిక్షణ కేంద్రంలో గర్భిణుల వసతి గృహం తెరిచింది, తర్వాత గుమ్మలక్ష్మీపురంలో మరొకటి. అంబులెన్సు కొండ ఎక్కలేకపోతే, నొప్పులు రాకముందే తల్లినే కింద ఉంచడం ఇందులోని ఆలోచన. ఆఫ్రికాలో, లాటిన్ అమెరికాలో దశాబ్దాలుగా ఉన్న పద్ధతే ఇది. వేళకు తిండి, బీపీ, రక్త పరీక్ష, నెలలు నిండగానే పక్కనే ఆసుపత్రి.

ఇది చెప్పినంత తేలిక కాదు. తల్లి కిందికి వస్తే ఇంట్లో మేకలను ఎవరు చూస్తారు? జీడిపిక్కలు ఏరే కాలంలో, కొండపోడు పనుల్లో ఆమె కూలి ఎవరిస్తారు? మొదటి బిడ్డ ఎవరి దగ్గర పడుకుంటుంది? చిన్నపిల్లను వెంట తెచ్చుకోనివ్వకపోతే ఏ తల్లీ రాదు. కిందివాళ్ళ వంట రుచించకపోయినా నాలుగో రోజుకి వెళ్ళిపోతానంటుంది. ఆమె చేత ‘సరే’ అనిపించేది వసతి గృహం భవనం కాదు, ఏడో నెల నుంచీ వారం వారం గుమ్మంలో కూర్చుని అత్తను, మొగుణ్ణి ఒప్పించిన ఆశా. పాత మంత్రసానిని ఈ పనిలో కలుపుకున్న చోట ఒప్పించడం ఇంకా సులువు. ఊళ్ళో ఆమె మాటకున్న విలువ తీసిపారేయదగ్గది కాదు.

సాలూరు మండలంలోనే కొటియా గ్రామాలున్నాయి. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవే అంటున్న 21 ఊళ్ళ తగవు 1968 నుంచి సుప్రీంకోర్టు మెట్లెక్కి దిగుతోంది. అక్కడి కుటుంబాలకు రెండు రాష్ట్రాల పథకాలూ వస్తాయి. కానీ రికార్డు రెండు చోట్ల ఉంటే ఒక బిడ్డకు ఏ టీకా పడిందో ఏ నర్సుకీ పూర్తిగా తెలియదు. సరిహద్దు ఊళ్ళలో తల్లీబిడ్డల కార్డు ఒక్కటే ఉండేలా రెండు జిల్లాల ఏఎన్ఎంలు నెలకోసారి కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటుకు కోర్టు తీర్పు కోసం ఆగనక్కరలేదు.

కొండల నుంచి తీరానికి దిగితే సమస్య రూపం మారుతుంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటల నేల. ఉద్యానమే ఉద్దానమైంది. ఆ పచ్చటి నేలలో, షుగరు గానీ బీపీ గానీ ముందునుంచి లేని రైతు కూలీలకు కూడా మూత్రపిండాలు చెడిపోతున్నాయి. విశాఖపట్నం కిడ్నీ వైద్యుడు డాక్టర్ టి. రవిరాజు తదితరులు ఏళ్ళ తరబడి దీన్ని వెలుగులోకి తెచ్చారు. తర్వాతి సర్వేలు పెద్దల్లో దాదాపు అయిదుగురికి ఒకరిలో వ్యాధి ఉన్నట్టు చూపాయి. నీళ్ళు, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పని, నొప్పి బిళ్ళలు ఇలా ఎన్నింటినో అనుమానించారు, ఒక్క కారణం మాత్రం ఇంతవరకు తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కూడా ఇలాంటి వ్యాధే ఉంది.

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మణికట్టు దగ్గర రక్తనాళాలను కలిపి ఫిస్టులా కుడతారు. అక్కడ వేలు పెడితే లోపల సన్నగా గర్రుమంటూ అదురు తెలుస్తుంది. ఆ చేత్తో బిందె ఎత్తకూడదు, కొబ్బరి చెట్టు ఎక్కకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు. తోటల్లో బతికిన మనిషికి ఒక చెయ్యి పోయినట్టే. నిమిషానికి అరలీటరు చొప్పున, ఒక్క విడతకు 120 లీటర్ల శుద్ధమైన ద్రవం యంత్రం గుండా పారాలి. కరెంటు ఆగకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కరెంటు స్తంభాలను, రోడ్లను రోజుల తరబడి లేకుండా చేసింది. అలాంటప్పుడు ఆసుపత్రి గోడలు నిలిస్తే చాలదు. జనరేటరుకి డీజిల్, నీళ్ళ ట్యాంకు, ఎవరిని ఏ రోజు ఏ కేంద్రానికి తరలించాలో రాసుకున్న జాబితా, ఆ జాబితా తెలిసిన టెక్నీషియన్ ఉండాలి. తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వచ్చే ఈ తీరంలో ఆ జాబితా సెప్టెంబరులోనే సిద్ధం కావాలి.

ప్రభుత్వాల నుంచి ఉద్దానానికి చాలా వచ్చింది. డయాలసిస్ కేంద్రాలు, పింఛను, వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి తెచ్చే 700 కోట్ల రూపాయల తాగునీటి పథకం, 2023 డిసెంబరు 14న పలాసలో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం. ఇవన్నీ వ్యాధి ముదిరాక చేతికందేవి, నీళ్ళ పథకం తప్ప. వ్యాధి మొదటి మెట్ల మీద ఉన్నవాడిని పట్టుకోవడం ఊళ్ళోని పనే. ఏటా క్రియాటినిన్ పరీక్ష, బీపీ అదుపు, నొప్పి బిళ్ళలు మానిపించడం. ఆ బిళ్ళ అమ్మేది మందుల షాపు, ఇచ్చేది ఆర్‌ఎంపీ, మానమని చెప్పవలసింది ఆశా. ముగ్గురూ ఒకే మాట చెబితేనే కూలీ వింటాడు. నెఫ్రాలజిస్టులు దేశమంతటా కొరతే కాబట్టి పలాసలో పోస్టులు నిలకడగా నిండాలంటే విశాఖతో కలిపి వంతుల మీద పని చేయించడం, డయాలసిస్ టెక్నీషియన్లను శ్రీకాకుళంలోనే తయారుచేసుకోవడం అవసరం.

ఇలా స్థానికంగా తయారుచేసుకోవడం ఈ నేలకు కొత్త కాదు. ఉద్దానంలోని సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషన్ వైద్యుడు బెన్ గల్లిసన్ ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి నడిపారు. ఆ పనికి తోడ్పడాలని 1963లో కెనడాలోని కాల్గరీలో మొదలైన సంస్థే ఇప్పుడు అనేక దేశాల్లో పనిచేస్తున్న ‘ఆపరేషన్ ఐసైట్’. ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ కూడా పల్లెల విజన్ సెంటర్లకు ఇంటర్ చదివిన ఊరి పిల్లలనే ఏడాది శిక్షణతో విజన్ టెక్నీషియన్లుగా వేస్తోంది. కంటికి కుదిరిన పద్ధతి కిడ్నీకి కుదరకపోదు.

మళ్ళీ కొండ దారికే వస్తే, ప్రసవమైన తల్లిని ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ రోడ్డు ఆగే చోటు దాకా దించుతుంది. అక్కడి నుంచి బిడ్డను కొంగులో చుట్టుకుని ఆమె కొండ ఎక్కుతుంది. మూడో రోజు, ఏడో రోజు, 14, 21, 28, చివరికి 42వ రోజు ఆశా ఆ ఇంటికి వెళ్ళాలి. స్ప్రింగు త్రాసు కొక్కేనికి బిడ్డను తగిలించి బరువు చూడాలి, చంక కింద థర్మామీటరు పెట్టాలి, బొడ్డు తడిగా ఉందేమో చూడాలి, పాలు పడుతున్నాయో లేదో తల్లిని ఆమె భాషలో అడగాలి. ఆరు రాకలూ కార్డులో నింపి, తేదీలు వేసి, సంతరోజున కిందికి వచ్చే ఏఎన్ఎం చేతికి ఇవ్వాలి.